‘అర్థమైందా?’ అని అడిగిన తర్వాత
(మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



 ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది మాస్టారి దగ్గర టీచర్ ట్రైనింగ్ చదువుకున్నవాళ్ళే. ప్రాక్టీసు పాఠాలు చూడటానికి వచ్చినప్పుడు ఆయన చివరి బెంచీలో, పిల్లల పక్కన కూర్చునేవారు. మిగతా పరిశీలకులు పాఠం చెప్పే మనిషి గొంతు గురించి, నల్లబల్ల మీద రాత గురించి, చార్టు గురించి రాసుకునేవారు. మాస్టారి నోట్‌బుక్కులో పిల్లలు అన్న మాటలే ఉండేవి. ఎవరన్నారు, దేనికి జవాబుగా అన్నారు, అంతే. పాఠం అయ్యాక ఆ కాగితం చేతికిచ్చి, చదువుకుని రేపు రమ్మనేవారు. చర్యాత్మక పరిశోధన, అంటే టీచరు తన పని మీద తానే చేసుకునే విచారణ, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి మొదటి పాఠం నాకు తెలియదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

డి.ఇ.ఎల్.ఇడి. గాని, బి.ఇడి. గాని చదివినవాళ్ళు చర్యాత్మక పరిశోధన రికార్డును ఎరుగుదురు. సమస్య, కారణాలు, పరికల్పన, ప్రీ టెస్టు, చేపట్టిన చర్య, పోస్ట్ టెస్టు, ముగింపు. శీర్షికలూ పరిచయమైనవే: ఏడో తరగతి పిల్లల రాతలో ఒత్తుల దోషాలు, ఆరో తరగతి పిల్లలు భాగహారంలో చేసే తప్పులు, హోంవర్కు చేయని విద్యార్థులు. అన్నిటిలోనూ సమస్య పిల్లల వైపే ఉంటుంది. కారణాల కింద పేదరికం, తల్లిదండ్రుల నిరక్షరాస్యత, గైర్హాజరు, ఆసక్తి లేకపోవడం వరుసగా వస్తాయి. టీచరు చేసే పని ఆ వరుసలో ఉండదు. పిల్లలు ఒత్తులు తప్పు రాస్తున్నారు, నిజమే. ఒత్తుల గురించి నేనేం చెబుతున్నాను, నోట్‌బుక్కులు ఎలా దిద్దుతున్నాను, ఎర్ర సిరాతో దిద్దిన దాన్ని పిల్లలు ఒక్కసారైనా చూసుకుంటున్నారా అన్న ప్రశ్నలకు ఆ రికార్డులో చోటు లేదు. పోస్ట్ టెస్టులో మార్కులు పెరగని రికార్డు కూడా నా కంటబడలేదు.

నేను చెప్పదలచింది ఇదే. చర్యాత్మక పరిశోధన నేర్చుకోవడమంటే ముందు ప్రశ్నను పిల్లల వైపు నుంచి మన వైపుకు జరుపుకోవడం. మెట్లు, ఫారాలు, పట్టికలు ఆ తర్వాతి సంగతి.

చర్యాత్మక పరిశోధన అన్న ఆలోచన బడిలో పుట్టలేదు. కర్ట్ లెవిన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1890లో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న మొగిల్నోలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ మంచి మాంసానికి కొరత వచ్చింది. గుండె, మూత్రపిండాలు వంటి భాగాలు వండుకోమని గృహిణులకు నచ్చజెప్పాలి. వాళ్ళకేమో అవంటే ఏవగింపు. లెవిన్ బృందం కొన్ని గుంపులకు చక్కటి ఉపన్యాసాలు ఇప్పించింది. పోషక విలువలు చెప్పారు, యుద్ధంలో దేశానికి కలిగే మేలు చెప్పారు, వండే విధానాలు అచ్చువేసి పంచారు. మరికొన్ని గుంపుల్లో విషయం క్లుప్తంగా చెప్పి, ఇంట్లో వచ్చే ఇబ్బందుల గురించి, మొగుడూ పిల్లలూ ఏమంటారన్న దాని గురించి ఆ ఆడవాళ్ళనే మాట్లాడుకోనిచ్చారు. చివర్లో, వచ్చే వారంలోగా ఎవరెవరు వండి చూస్తారో చేతులెత్తమన్నారు. తర్వాత విచారిస్తే, అంతకుముందు ఎన్నడూ వండని భాగాన్ని వండినవాళ్ళు ఉపన్యాసం విన్నవాళ్ళలో నూటికి 3, మాట్లాడుకుని నిర్ణయించుకున్నవాళ్ళలో నూటికి 32.

మన ఇన్‌సర్వీస్ ట్రైనింగుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలు గుర్తుకొస్తాయి. మాడ్యూళ్ళు బాగుంటాయి, రిసోర్స్ పర్సన్లు కష్టపడతారు. కానీ సోమవారం నాడు తరగతిలో ఏం మార్చాలో నిర్ణయించుకునే పని ట్రైనింగు హాల్లో ఎవరూ టీచరుకు ఇవ్వరు. 1946లో రాసిన వ్యాసంలో లెవిన్ చర్యాత్మక పరిశోధనకు ఒక క్రమం చూపించాడు. ప్రణాళిక వేసుకోవాలి, అందులో ఒక అడుగు ఆచరించాలి, ఏం జరిగిందో నిజాలు సేకరించాలి, ఆ నిజాలను బట్టి ప్రణాళికను దిద్దుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు.

బళ్ళలోకి దీన్ని తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు స్టీఫెన్ కోరీ. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో ఉంటూ 1953లో దీని మీద పుస్తకం రాశాడు. బయటివాళ్ళు కనిపెట్టి చెప్పినదానికన్నా తమ పని మీద తాము చేసుకున్న విచారణే టీచర్లను మారుస్తుందన్నది ఆయన వాదం. అయితే ఆనాటి పరిశోధకుల మెప్పు కూడా కావాలి కనుక పరికల్పన, పరీక్ష, గణాంకాల చట్రంలో బిగించాడు. అది ఎవరినీ తృప్తిపరచలేదు. టీచర్లకు పరిశోధనలో శిక్షణ లేదనీ, ఒక బడిలో తేలింది మరో బడికి వర్తించదనీ విమర్శలు వచ్చాయి. వాటిలో 1957 నాటి హెరాల్డ్ హాడ్జ్‌కిన్సన్ వ్యాసం బాగా పేరుపడింది. అమెరికాలో ఆ ఊపు తగ్గింది. అదే కాలంలో మన దేశంలో ట్రైనింగ్ కాలేజీల్లో విస్తరణ సేవా విభాగాలు మొదలయ్యాయి, 1961లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఏర్పడింది. తొలినాళ్ళలో దానితో కలిసి పనిచేసిన విదేశీ నిపుణుల్లో కొలంబియా టీచర్స్ కాలేజీవాళ్ళు ఉన్నారు. మన రికార్డులో ఈనాటికీ కనిపించే చట్రం ఆ కాలానిదేనని నా అభిప్రాయం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలకు (డైట్‌లకు) చర్యాత్మక పరిశోధనను ఒక బాధ్యతగా అప్పగించారు. బాధ్యత వచ్చింది గాని చట్రం మారలేదు.

ఈలోగా ఇంగ్లండ్‌లో ఒక పెద్ద మలుపు వచ్చింది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సిలబస్‌లోకి ఆ మలుపు తాలూకు పేర్లు వచ్చాయి, పని రాలేదు.

అక్కడ బడి మానడానికి కనీస వయసును 15 నుంచి 16కు పెంచాలని నిర్ణయించారు. 1972లో అమలైంది. చదువు మీద విసుగుపుట్టి ఎప్పుడు వెళ్ళిపోదామా అని చూస్తున్న పిల్లలను ఇంకో ఏడాది కూర్చోబెట్టి ఏం నేర్పాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి 1967లో లారెన్స్ స్టెన్‌హౌస్ నాయకత్వంలో హ్యుమానిటీస్ కరిక్యులం ప్రాజెక్టు మొదలైంది. యుద్ధం, కుటుంబం, పేదరికం, స్త్రీపురుష సంబంధాలు, శాంతిభద్రతలు, జాతి వివక్ష, ఇవీ పాఠాలు. పెద్దవాళ్ళే ఏకాభిప్రాయానికి రాని విషయాలు. అందుకని టీచరు తన అభిప్రాయాన్ని రుద్దకూడదన్నారు. చర్చకు తటస్థంగా అధ్యక్షత వహించాలి. పిల్లలు ఫొటోలు, వార్తలు, కథలు, లెక్కలు ముందు పెట్టుకుని తమలో తాము వాదించుకోవాలి.

టీచర్లు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు, తాము తటస్థంగానే ఉన్నామని నమ్మారు. ఆ చర్చలను టేపు చేసి విన్నప్పుడు వేరే సంగతి బయటపడింది. ఒక పిల్లవాడు మాట్లాడితే ‘బాగుంది’ అంటున్నారు, ఇంకొకడు మాట్లాడితే ఏమీ అనడం లేదు. కొందరి మాటలను మళ్ళీ పలికి గట్టిపరుస్తున్నారు. మరీ ముఖ్యంగా, చర్చ మధ్యలో ‘అయితే అందరం ఒప్పుకున్నట్టేనా?’ అని అడుగుతున్నారు. టీచరు దృష్టిలో అది మర్యాదైన ప్రశ్న. పిల్లలకు మాత్రం ఇక చర్చ చాలించండి, భిన్నంగా ఏమీ చెప్పకండి అన్నట్టు వినిపించింది. ఆ ప్రాజెక్టులో పనిచేసిన జాన్ ఎలియట్ దీన్ని పట్టుకున్నాడు. టీచర్లు ఆ ప్రశ్న మానేసి చూస్తే చర్చలో వేర్వేరు అభిప్రాయాలు వస్తాయా అన్నది, ఎవరి తరగతిలో వాళ్ళు పరీక్షించి చూసుకోదగిన విషయమైంది. తటస్థత గురించి ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ చిన్న ప్రశ్న దొరికేది కాదు.

1973 నుంచి 1975 దాకా ఎలియట్, క్లెమ్ ఎడెల్‌మన్ కలిసి ఈస్ట్ ఆంగ్లియా ప్రాంతంలో ఫోర్డ్ టీచింగ్ ప్రాజెక్టు నడిపారు. 12 బళ్ళు, సుమారు 40 మంది టీచర్లు. పిల్లలు స్వయంగా కనుక్కునేలా బోధిస్తున్నామని వాళ్ళంతా అనుకుంటున్నవాళ్ళే. అనుకున్నదీ జరుగుతున్నదీ ఒకటేనా అని చూడటానికి మూడు వైపుల నుంచి వివరాలు తీసుకున్నారు. పాఠం చూసినవాడు ఏం చూశాడు, టీచరు ఏం చేశాననుకుంటున్నారు, పిల్లలకు ఏం జరిగిందనిపించింది. మూడింటినీ టేపుతో కలిపి పక్కపక్కన పెట్టేవారు. చాలాచోట్ల తేలిందేమిటంటే, టీచరు ఆలోచింపజేసే ప్రశ్న అనుకున్నదాన్ని పిల్లలు టీచరు మనసులోని జవాబును ఊహించే ఆటగా తీసుకుంటున్నారు.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది ఒక నియమం. పిల్లలు చెప్పింది టీచరుకు వినిపించాలంటే పిల్లల అనుమతి ఉండాలి. వద్దంటే అది అక్కడే ఆగిపోతుంది. పిల్లల మాటను ఆధారంగా తీసుకునేవాళ్ళు పిల్లలకు ఆ మాత్రం అధికారం ఇవ్వాలి కదా.

ఒక బడిలో తేలింది మరో బడికి ఎలా పనికొస్తుందన్న పాత విమర్శకు కూడా స్టెన్‌హౌస్ జవాబిచ్చాడు. 1975లో వచ్చిన ఆయన పుస్తకం సారం ఏమిటంటే, ఏ బోధనా పద్ధతీ ఆజ్ఞగా చెల్లదు, ప్రతి తరగతిలో పరీక్షించి చూసుకోవలసిన ప్రతిపాదనగా మాత్రమే చెల్లుతుంది. పొరుగు బడి టీచరు చెప్పింది నేను నమ్మనక్కరలేదు, నా పిల్లలతో చేసి చూడాలి. చూసింది నలుగురికీ చెప్పాలి. చెప్పకుండా దాచుకున్నది మంచి అలవాటు కావచ్చు గాని పరిశోధన కాదు.

ఇప్పుడు మన తరగతిలోకి వద్దాం. ‘అందరం ఒప్పుకున్నట్టేనా’కు సాటిగా మన దగ్గర ఒక ప్రశ్న ఉంది. ‘అర్థమైందా?’ ‘అయిందీ సార్!’ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఇదే రాగం. మొదటిసారి చర్యాత్మక పరిశోధన చేయబోయే టీచరు ఈ ఒక్క మాటను పట్టుకుని ఎంత దూరం పోవచ్చో చెబుతాను. ఇది నేను ఊహించి చెబుతున్న ఉదాహరణ, ఫలానా బడిలో జరిగినది కాదు.

ఐదో తరగతి, భిన్నాలు. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా? టీచరమ్మ రొట్టె బొమ్మ గీసి చెప్పింది, అర్థమైందా అని అడిగింది, అందరూ అయిందన్నారు. ఆమె సెల్‌ఫోను బల్ల మీద పెట్టి పీరియడ్ మొత్తం రికార్డు చేసింది. సాయంత్రం ఒంటరిగా విని, అందులో ఐదు నిమిషాలు మాత్రం మాటకు మాట కాగితం మీదకు ఎక్కించింది. అంతకుమించి రాయబోతే వారానికే విసుగొచ్చి మానేస్తారు. ఆ ఐదు నిమిషాల్లో అర్థమైందా అని ఎన్నిసార్లు అడిగింది, ఎవరి గొంతు వినిపించింది, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగింది, ఈ మూడే చూసుకోవాలి. ఆగడం చిన్న విషయం కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు విద్యావేత్త ఎన్నో తరగతుల టేపులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున సుమారు 1 సెకను మాత్రమే ఆగుతున్నారని చూపింది. దాన్ని 3 సెకన్లకో ఆపైకో పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్ళు తగ్గారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది.

తర్వాత ముగ్గురు పిల్లలతో మాట్లాడాలి. ఎప్పుడూ చెయ్యెత్తే పిల్ల, అప్పుడప్పుడూ ఎత్తేవాడు, ఎన్నడూ ఎత్తనిది. టీచరమ్మే అడిగితే ఆమెకు నచ్చే జవాబే వస్తుంది, కనుక పక్క తరగతి టీచరు అడగడం మేలు. అందరూ అయిందంటే నేనూ అన్నాను అని ఒకడు చెప్పవచ్చు. కాలేదంటే లేపి నిలబెడతారని ఇంకో పిల్ల చెప్పవచ్చు. పిల్లలు ఊరుకోవడానికి కారణం పేదరికమో నిరక్షరాస్యతో అని రికార్డులో రాసేముందు, ఆ కారణం మన ప్రశ్నలోనే ఉందేమో చూడగలిగితే సగం పని అయినట్టే.

ఇక మార్చవలసింది ఒక్కటే, ఒకేసారి నాలుగు కాదు. ఆమె అర్థమైందా అనడం మాని, పీరియడ్ చివర చిన్న చీటీలు ఇచ్చింది. 1/3, 1/4లలో ఏది పెద్దదో రాసి బొమ్మ గీయాలి. చీటీల్లో అందరూ 1/3 అనే రాశారు. మార్కులు వేస్తే తరగతి మొత్తం పాస్. కానీ బొమ్మలు చూస్తే, 1/3కి ఒక పెద్ద గుండ్రం, 1/4కి పక్కనే ఒక చిన్న గుండ్రం. భాగాలు సమానంగా లేవు. మర్నాడు 2/3, 3/4 ఇస్తే సగం తరగతి 2/3 పెద్దదంది. ఎందుకంటే కింది అంకె పెద్దదైతే భిన్నం చిన్నదన్న సూత్రం వాళ్ళకు నోటికొచ్చింది. రెండు భిన్నాలనూ ఒకే మొత్తంతో పోల్చాలన్న సంగతి మాత్రం పట్టలేదు.

ఇక్కడ ప్రశ్నే మారిపోయింది చూడండి. అర్థమైందా అనడం మానాలా అని మొదలైనది, సూత్రాన్ని నేను రెండో రోజే చేతికిచ్చేస్తున్నానా అన్నదాకా వచ్చింది. రెండో విడతలో ఆమె సూత్రం చెప్పకుండా ఒకే పొడవున్న కాగితపు పట్టీలు మడతపెట్టించి చూస్తుంది. అప్పుడు ట్యూషన్‌కు వెళ్ళే పిల్ల సూత్రాన్ని పక్కవాళ్ళకు అందిస్తుంది. దాని గురించి మళ్ళీ ఆలోచించాలి. ప్రీ టెస్టు, పోస్ట్ టెస్టు పద్ధతిలో అయితే 1/3, 1/4 అడిగి, నూటికి నూరు వచ్చాయని రాసి, పరికల్పన రుజువైందని రికార్డు మూసేవాళ్ళం. పరీక్షలు వద్దనడం లేదు. పరీక్ష ఎంతమందికి వచ్చిందో చెబుతుంది, ఎలా వచ్చిందో చెప్పదు.

ఒకరో ఇద్దరో టీచర్లున్న బడిలో ఇదంతా ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అక్కడ ఫోనే రెండో మనిషి. పిల్లల గొంతులు రికార్డు చేసేముందు హెడ్మాస్టరుకూ తల్లిదండ్రులకూ చెప్పాలి, పని అయ్యాక తీసేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకూడదు. పిల్లవాడి తప్పు జవాబు ఊరంతా తిరిగితే వాడు మళ్ళీ నోరు విప్పడు.

గిజుభాయి బధేకా ‘పగటి కల’ను మన టీచర్లు ఎంతో ఇష్టంగా చదువుకున్నారు. అందులో అందరికీ గుర్తుండేవి కథలు, ఆటలు. నాకు ముఖ్యమనిపించేది మొదటి రోజు. ఇంటి దగ్గర ఎంతో ఆలోచించి తెచ్చిన మౌనం ఆట తరగతిలో పూర్తిగా చెడిపోతుంది, పిల్లలు అల్లరి చేస్తారు. ఆ టీచరు పిల్లలను తిట్టడు, వేసుకొచ్చిన ప్రణాళికను తిరగేసి మర్నాడు కథతో మొదలుపెడతాడు. విఫలమైన పాఠాన్ని సమాచారంగా తీసుకోవడం అంటే అదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒకటుంది. 1984లో బ్రిటన్ సహాయంతో మొదలై 1996 దాకా నడిచిన ప్రాథమిక విద్యా పథకం, మనవాళ్ళు ఏపెప్ అని పిలుచుకున్నది. టీచర్లే కృత్యాలు తయారుచేయడం, పిల్లలు చేస్తూ నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించడం దాని సూత్రాల్లో ఉన్నాయి. టీచర్లు కలిసి కూర్చోవడానికి టీచర్స్ సెంటర్లు పెట్టారు. నేను చూసిన బళ్ళలో గోడల మీద, దారాల మీద పిల్లల బొమ్మలు తొందరగా వచ్చాయి, గుంపులుగా కూర్చోవడం వచ్చింది. గుంపుల్లో కూర్చున్నాక కూడా ‘అర్థమైందా’, ‘అయిందీ’ అలాగే ఉండిపోయాయి. కంటికి కనబడేది మార్చడం సులువు, చెవికి వినబడేది మార్చాలంటే ముందు వినాలి. ఆ సెంటర్లు ఇంకొన్నాళ్ళు నిలిచి, కృత్యాలు తయారుచేసుకున్నట్టే టేపులు కూడా వినే చోటయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధపడతాను.

ఆ చోటు మనకు పూర్తిగా పోలేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. సర్క్యులర్లు చదవడం, ఫారాలు నింపడం అయ్యాక అందులో ఒక అరగంట ఇవ్వమని నా కోరిక. ఒక టీచరు తన తరగతిలోని ఐదు నిమిషాల టేపు, దాని రాతప్రతి తీసుకురావాలి. ముందు ఆ టీచరే మాట్లాడాలి. తర్వాత మిగతావాళ్ళు విన్నది మాత్రమే చెప్పాలి. సలహాలు రెండో విడతకు అట్టిపెట్టాలి, లేకపోతే మొదటి నిమిషంలోనే అందరూ సలహాలకు దిగుతారు. తనిఖీ అధికారం ఉన్నవాళ్ళు ఆ అరగంట గదిలో ఉండకూడదు. మినిట్స్ పుస్తకంలో టీచరు పేరు, పిల్లల పేర్లు రాయకూడదు, తేలిన ప్రశ్న మాత్రం రాయాలి. వచ్చే నెల ఆ ప్రశ్నను ఇద్దరు ముగ్గురు తమ తరగతుల్లో చూసి రావాలి. ట్రైనింగ్ కాలేజీల్లోనూ రికార్డుకు వేసే మార్కుల్లో కొంత, పోస్ట్ టెస్టు ఫలితానికి బదులుగా, మొదటి విడత తర్వాత ప్రశ్న ఎలా మారిందో రాసినందుకు వేయవచ్చు. మార్కులు పెరగలేదని నిజాయితీగా రాసిన విద్యార్థికి అప్పుడు నష్టం ఉండదు.

నిర్వాహకులు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు కనుక, మధ్యాహ్నం భోజనాల తర్వాత అలాంటి అరగంట ఒకటి ఇక్కడే పెట్టుకుంటున్నాం. టేపు ఇవ్వడానికి ఇద్దరు టీచర్లు ముందుకొచ్చారు. ఒకటి నాలుగో తరగతి తెలుగు వాచకం, ఒకటి ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం. రాతప్రతులు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకుని చదివి రండి.